గింజ కట్టదన్న హామీ ఎవరిది?

"ఈ మొక్క గింజ కట్టదు, పాకిపోతుందన్న భయం అక్కర్లేదు." పరాయి మొక్కను కొత్త నేల మీద దించే ప్రతిసారీ ఇదే మాట. అమ్మేవాళ్లు చెబుతారు, అనుమతులు ఇచ్చేవాళ్లు తలూపుతారు. ఎన్నిసార్లు బెడిసికొట్టినా మళ్లీ అదే హామీకి ముద్ర వేయడం మాకు మింగుడుపడడం లేదు.

అమెరికా అనుభవమే చూడండి. బ్రాడ్‌ఫర్డ్ పియర్ అనే అలంకరణ చెట్టును 1963లో ఆ దేశ వ్యవసాయ శాఖే విడుదల చేసింది. దాని పుప్పొడి దానికి పనికిరాదు. అన్నీ అంటుమొక్కలే కాబట్టి వీధి పొడవునా వంద నాటినా లెక్కకు ఒకే చెట్టు. కాయలు దాదాపు లేవు, టెన్షనూ లేదు. తర్వాత నర్సరీలు అదే జాతిలో వేరే రకాలు తెచ్చి అమ్మాయి. వాటి పుప్పొడి తగిలింది. గోళీకాయలంత కాయలు గుత్తులుగా వేలాడాయి. పక్షులు తిని ఖాళీ పొలాల్లో, రోడ్ల పక్కన గింజలు రాల్చాయి. అలా మొలిచిన చెట్లకు ట్రాక్టర్ టైర్లో దిగేంత ముళ్లు! ఒహాయో 2023లో, సౌత్ కరోలినా 2024లో అమ్మకాన్ని నిషేధించాయి. ఆరు దశాబ్దాల తర్వాత. అప్పట్లో ఇచ్చిన హామీ అబద్ధమేమీ కాదు. ఆ చెట్టు ఒంటరిగా ఉన్నంతకాలం అది నిజమే. దాన్ని ఒంటరిగా ఉంచే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఫ్లోరిడాలో నాటిన మర్రి జాతి చెట్లదీ ఇదే దారి. వాటి పూలను ఫలదీకరించే బుల్లి కందిరీగలు అక్కడ లేనన్నాళ్లు గింజే లేదు. అవి చేరాక గోడల పగుళ్లలోనూ మొలకలే.

అసలు గింజే అవసరం లేని మొక్కల మాటేమిటి? బ్రిటన్‌ను పీడిస్తున్న జపనీస్ నాట్‌వీడ్ అంతా ఒకే ఆడమొక్క సంతానం. మట్టితోపాటు లారీలో వెళ్లిన చిన్న దుంపవేరు ముక్క చాలు, కొత్తచోట పొద లేస్తుంది. గుర్రపుడెక్క పిలకలతోనే చెరువును కప్పేస్తుంది. గింజలు ఏళ్ల తరబడి బురదలో కాచుకుని ఉంటాయి, అది వేరే సంగతి. జతతో పనిలేకుండా సంతానం కనగల మొక్కకే దూరపు నేలలో స్థిరపడే అవకాశం ఎక్కువని వృక్షశాస్త్రవేత్త హెర్బర్ట్ బేకర్ 1955లోనే చెప్పారు. వృక్షశాస్త్ర విద్యార్థులు చదువుకునే ఈ పాఠం అనుమతుల ఫైలు దాకా రాకపోవడమే విడ్డూరం.

పరాయి మొక్కలన్నీ ప్రమాదకరం కావు, చాలావరకు కొత్తచోట నిలదొక్కుకోలేవన్నది నిజమే. మిరప, బంగాళాదుంప కూడా అలా వచ్చినవేగా అంటారు. వాటిని "గింజ కట్టదు" అన్న సాకుతో ఎవరూ దించలేదు. గింజ కడుతుందా లేదా అన్నది సగం ప్రశ్న. ముక్క నుంచి మొలుస్తుందా, జత కుదిరే రకం పక్కింటి పెరట్లో ఉందా, పుప్పొడి మోసే పురుగు రేపు వస్తే ఏమిటి? ఇవేవీ అడగకుండా సంతకం పెట్టే అధికారి చేస్తున్నది పరిశీలన కాదు, ఏజెంటు పని. హామీ మీద అమ్మేవాళ్లకు అంత నమ్మకముంటే కాగితం మీద రాసివ్వాలి: ఎన్నేళ్లకు పాకినా పీకించే ఖర్చు మాదేనని.