సవరణ: రొయ్యల గుంట దగ్గర రాస్ప్‌బెర్రీ పై

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో నీటిని కనిపెట్టుకుని ఉండటానికి రాస్ప్‌బెర్రీ పై (ఇకపై ‘పై’) అనే చవకైన చిన్న కంప్యూటర్ బోర్డు చాలని మొన్న రాశాను. అది చదివి కొందరు నీటిలో ఆక్సిజన్‌ను కొలిచే ప్రోబ్‌ను నేరుగా రాస్ప్‌బెర్రీ పైకి తగిలించబోతున్నారు. దయచేసి ఆగండి. పైలో అనలాగ్ ఇన్‌పుట్ లేదు, అంటే ప్రోబ్ ఇచ్చే హెచ్చుతగ్గుల వోల్టేజీని అది నేరుగా చదవలేదు. దాని పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు, 5 వోల్టుల సిగ్నల్ తగిలితే బోర్డే పోవచ్చు. మధ్యలో ఆ వోల్టేజీని అంకెలుగా మార్చే ఎంసీపీ3008 లాంటి ఏడీసీ చిప్పు పెట్టి, దానికీ 3.3 వోల్టుల సప్లైనే ఇచ్చి, ప్రోబ్ సిగ్నల్‌ను ఆ లోపుకు తగ్గించాలి. నీటి వేడిని చూసే డీఎస్18బీ20 సెన్సర్ డిజిటల్ కాబట్టి దానికి ఈ తిప్పలు లేవు.

ఇంకోటి. 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోను కూడా పై అనే అనుకుంటున్నారు. అది మైక్రోకంట్రోలర్, అంటే మనం ఎక్కించిన ప్రోగ్రామునే నడిపే చిన్న చిప్పు బోర్డు. పై మీద నడిచే మామూలు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దాని మీద నడవదు. అయినా గుంట గట్టు మీదికి అదే నయం. ఏడీసీ అందులోనే ఉంది, పైలో లాగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెమరీ కార్డు పాడవుతుందన్న టెన్షన్ ఉండదు. వైఫై కావాలంటే 2022లో వచ్చిన పికో డబ్ల్యూ తీసుకోండి. రీడింగులు దాచడానికి, ఫోనుకు మెసేజ్ పంపడానికి పైని ఇంట్లో పెట్టుకోవచ్చు. మనలాంటి వాళ్ల ప్రాజెక్టులకు ముందు ముందు ఈ జోడీయే నిలుస్తుందని నా నమ్మకం.

ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను మాత్రం బోర్డుకే వదిలేయకండి, గట్టున మనిషిని ఉంచండి.