అమ్మానాన్నల మెనూ

ఉగాది నాడు పంచాంగ శ్రవణానికీ భోజనాలకీ మధ్య పది నిమిషాలు ఖాళీ దొరికితే, మన తెలుగు సంఘం కొత్త కార్యవర్గం తెర మీద రెండు బొమ్మలు చూపించింది. ఒకటి కొత్త యాప్. రెండోది 2003లో నేను వీబీ 6లో, అంటే విండోస్ ప్రోగ్రాంలు రాసే మైక్రోసాఫ్ట్ వారి పాత విజువల్ బేసిక్‌లో, రాసిచ్చిన సభ్యత్వాల ప్రోగ్రాం. బూడిదరంగు విండో, పైన ఐదు మెనూలు. "ఇది తవ్వకాల్లో బయటపడిందండీ" అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. హాలంతా నవ్వింది. మా ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాననుకోండి, కుర్చీలో కాస్త సర్దుకుని.

నవ్వు సంగతి సరే. కాసేపటికి కూపన్ల బల్ల దగ్గర జరిగిందే మనసులోంచి పోవడం లేదు. కూతురి దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పేరు యాప్‌లో 'గెస్ట్' కింద పడింది. ఇరవై డాలర్లు. కూతురేమో ఇంకా కారు పార్క్ చేస్తోంది. ఆయన జేబులు తడుముకుని, "పర్లేదమ్మా, నాకంత ఆకలిగా లేదు" అంటూ పక్కకి జరిగారు. ఇందాక నవ్విన మా ఆవిడే వెళ్లి బతిమాలి ప్లేటు పెట్టించింది.

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల దగ్గర మన సంఘం భోజనానికి ఏనాడూ డబ్బు తీసుకోలేదు. ఆ మాట మన బైలాస్‌లో వెతికినా దొరకదు. ఉన్నదల్లా నా పాత ప్రోగ్రాంలో, 'మెంబర్స్' మెనూ కింద నాలుగో వరసలో, 'అమ్మానాన్నలు' అని. అది నొక్కితే డబ్బు ఊసెత్తకుండా కూపన్ అచ్చయ్యేది. యాప్ చేసినవాళ్లు డేటా పట్టుకెళ్లారు, మెనూ చూడలేదు.

ఈ మెనూల పిచ్చి నాకు 1999లో అమీర్‌పేటలో పట్టుకుంది. మైత్రీవనం దగ్గర ఒక సందులో వీబీ క్లాసు, కంప్యూటర్‌కి ఇద్దరం. కంట్రోల్, ఈ కలిపి నొక్కితే మెనూ ఎడిటర్ తెరుచుకునేది. క్యాప్షన్‌లో కనపడాల్సిన మాట, నేమ్‌లో కోడ్‌కి కావాల్సిన పేరు. క్యాప్షన్‌లో ఒట్టి హైఫన్ పెడితే అడ్డగీత వచ్చేది. కుడి బాణం నొక్కితే ఆ వరస పై మెనూ కిందకి చేరేది. ఎగ్జిట్ కింద 'అన్‌లోడ్ మీ' అని రెండు ముక్కలు రాస్తే విండో బుద్ధిగా మూసుకునేది. ఆ సాయంత్రం దాన్ని ఎన్నిసార్లు తెరిచి మూశానో!

ఆ ఉత్సాహంతో తెనాలిలో మా నాన్న ఎరువుల కొట్టుకి ఒక ప్రోగ్రాం చేశాను. ఫైల్, ఎడిట్, వ్యూ అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పెట్టాను. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, "ఫైలంటే ఏంట్రా? నా కొట్లో ఫైళ్లెక్కడివి? బాకీలేవీ?" అన్నారు. దాంతో మొదటి మెనూ 'బాకీలు' అయింది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. వీబీ 6 సొంత కంట్రోల్స్‌లో, అంటే బటన్లూ లేబుళ్లూ లాంటివాటిలో, యూనికోడ్ తెలుగు (ఇప్పుడు ఫోన్లలో వాడే పద్ధతి) పెడితే వరసగా ప్రశ్నార్థకాలే కనపడతాయి. లేబుల్‌కైతే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు 'అను' తగిలించి నెట్టుకురావచ్చు గానీ, మెనూకి ఫాంటు మార్చే వీలు అందులో లేదు. ఇంతా చేస్తే నాన్న చివరిదాకా ఎర్ర అట్ట ఖాతా పుస్తకమే వాడారు, అది వేరే కథ.

విజువల్ బేసిక్‌కి మూలమైన నమూనాని తయారుచేసి మైక్రోసాఫ్ట్‌కి అమ్మిన అలన్ కూపర్, ఆ తర్వాత, వాడే మనిషెవరో ముందు తెలుసుకోండని చెప్పడమే పనిగా పెట్టుకున్నారు. మా నాన్న ఆయన పేరు కూడా వినలేదు.

వీబీ 6ని మళ్లీ నెత్తికెత్తుకోమని నేననడం లేదు. దానితో చేసినవి విండోస్ 11లోనూ నడుస్తాయి గానీ, దాని ఎడిటర్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2008లోనే ఆగిపోయింది. నా పాపాలూ ఉన్నాయి. తప్పు వచ్చినా నోరెత్తకుండా ముందుకి పొమ్మనే 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' నా కోడ్ నిండా ఉంది. యాప్ వచ్చాక కూపన్ల లైను తలుపు దాటలేదు, నా రోజుల్లో పార్కింగ్ దాకా ఉండేది. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఇన్నేళ్లలో ఆ కోడ్ ఎవరికీ చూపించలేదు. అడిగితే "మీకెందుకు, నేనున్నాగా" అన్నాను. వంటింటి పెత్తనం వదలని అత్తగార్ల మీద స్కిట్లు వేస్తాం కదా, ఆ అత్తగారిని నేనే.

మర్నాడే యాప్‌లో తల్లిదండ్రులకి ఉచితం అని మార్చారు. సంతోషం. కాకపోతే దానికి 'సీనియర్ విజిటర్' అని పేరు పెట్టారు.

వేసవిలో పిల్లలకి ఏఐ క్యాంప్ అంటున్నారు. పెట్టండి, మా అమ్మాయీ వస్తుంది. నాకు మాత్రం రెండు శనివారాలు, లైబ్రరీ గది ఇప్పించండి. ప్రోగ్రాంలు రాసుకునే మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఉచితమే. అందులోని విండోస్ ఫారమ్స్‌లో మెనూస్ట్రిప్ అనే మెనూల పట్టీ లాగి పెట్టి, నేరుగా తెలుగులోనే టైపు చేయొచ్చు. ఒక్కో పిల్లా పిల్లాడూ ఇంట్లో పెద్దవాళ్లకి పనికొచ్చేది ఒకటి చేయాలి, మందుల వేళలో, చీటీ లెక్కలో. ముందు వాళ్ల పక్కన కూర్చుని, ఏ మాట ఎక్కడుండాలో అడిగి రాసుకోవాలి. మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మని అడిగితే మొదటి మెనూ 'పిన్ని' అని తేలింది. ఆవిడ రోజూ ఫోన్ చేసేది మా మరదలికే మరి.

ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, అమ్మమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకు రండి. ఆ గుంటూరు పెద్దాయన ఆగస్టు దాకా ఇక్కడే ఉంటారట. ఆయన్ని ఇప్పటికే పిలిచాను.