ల్యాబంతా ఒకే పాస్‌వర్డా?

కడప చుట్టుపక్కల కాలేజీల్లో ల్యాబ్‌లు చూసుకునే వాళ్లందరికీ ఒక్క మాట. మానిటర్ అంచున టేపేసి అంటించిన ఆ పాస్‌వర్డ్ చీటీ ముందు పీకేయండి. 'స్టూడెంట్' అనే ఒకే లాగిన్‌తో ల్యాబంతా నడిపితే, ఎవరి ఫైలు ఎవరు డిలీట్ చేశారని ఎవరిని నిలదీస్తాం? ఒక్కొక్కరికీ సొంత లాగిన్ ఉండాలి, అది ల్యాబ్‌లో ఏ సిస్టమ్‌లోనైనా పనిచేయాలి.

మా ల్యాబ్‌లో సగం విండోస్, సగం ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం). ఫైనలియర్ అమ్మాయి ఒకామె రోజూ తలుపు దగ్గర నిలబడి "సార్, పదిహేడో సిస్టమ్ ఖాళీ అయిందా?" అని అడిగేది. ప్రాజెక్టంతా అందులోనే ఉంది మరి! పక్కన వరుసంతా ఖాళీగా ఉన్నా ఆ పిల్లకు లాభం లేదు. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది.

రెండు రకాల సిస్టమ్‌లలోనూ ఒక మనిషికి ఒకే లాగిన్ కుదరదంటారు, సర్వర్ లైసెన్సుకు బోలెడు ఖర్చంటారు. రెండూ తప్పే. 2012 డిసెంబరులో సాంబా 4 అనే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి, లినక్స్ వేసిన మామూలు సిస్టమే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా, అంటే లాగిన్లన్నీ ఒకేచోట చూసుకునే సర్వర్‌గా పనిచేస్తోంది. సాంబాకు పైసా కట్టక్కర్లేదు. ఉబుంటు సిస్టమ్‌లను ఎస్ఎస్ఎస్‌డి అనే ప్రోగ్రామ్‌తో అదే డొమైన్‌లో (ఆ సర్వర్ కింద నడిచే సిస్టమ్‌ల గుంపులో) చేర్చొచ్చు. విండోస్ హోమ్ ఎడిషన్ మాత్రం చేరదు, అందుకే కొటేషన్ అడిగేటప్పుడే ప్రో అని రాయించండి. ఇంకోటి, లాగిన్ కలిపినంత మాత్రాన ఫైళ్లు వెంట రావు. పిల్లల ఫోల్డర్లు కూడా సర్వర్‌లో పెట్టాలి, రోజూ బ్యాకప్ తీయాలి.

అసలు తలనొప్పి గడియారంతో. ఎండాకాలం కరెంటు పోయి వచ్చిందంటే, లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ (సీమాస్ బ్యాటరీ) అయిపోయిన పాత సిస్టమ్‌లలో తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. డొమైన్‌లో లాగిన్‌ను సరిచూసే పద్ధతి పేరు కెర్బెరోస్; అది ఇచ్చే టికెట్లకు, అంటే ప్రవేశ అనుమతులకు, గడువుంటుంది. సర్వర్‌కూ సిస్టమ్‌కూ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, మామూలు సెట్టింగ్‌లో అది ఒప్పుకోదు. పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా లోపలికి పోనివ్వదు. అప్పుడు అందరూ కలిసి "ఈ డొమైన్ వేస్టు, పాత పద్ధతే మేలు" అని మొదలుపెడతారు. వేస్టు డొమైన్ కాదండీ, ఆ బిళ్ల బ్యాటరీ! అది మార్చి, అన్ని సిస్టమ్‌లూ సర్వర్ దగ్గరే టైమ్ తీసుకునేలా పెట్టండి. డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ ఎక్కడుందో చెప్పేది) కూడా సర్వర్‌దే ఇవ్వండి.

"సర్వర్ పడిపోతే ల్యాబంతా ఆగిపోదా?" అనే భయం న్యాయమైనదే. అందుకే రెండో కంట్రోలర్ ఉండాలి. పైగా విండోస్ మామూలుగా చివరి 10 మంది లాగిన్ వివరాలను గుర్తుపెట్టుకుంటుంది, ఎస్ఎస్ఎస్‌డిలోనూ అలా పెట్టుకోవచ్చు. ఒక పూట గడుస్తుంది.

మానేసిపోయిన స్టాఫ్ లాగిన్లు ఎన్ని సిస్టమ్‌లలో ఇంకా బతికున్నాయో ఒక్కసారి తీసి చూడండి, గుండె ఝల్లుమంటుంది. ఆ లిస్టు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పోండి. కొత్త బ్యాచ్ వచ్చేలోపు ఈ పని జరగాలని గట్టిగా అడగండి.