మా బావ, సూర్యుడు, ఒక పాత డ్రమ్ము

కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మా బావకి గీజర్ మీద కోపం వస్తుంది, కోపం వస్తే మామూలు మనుషులు గీజర్ ఆపేస్తారు, ఈయన మాత్రం డాబా ఎక్కి ఆకాశం వైపు చూస్తాడు. "చదరపు మీటరుకి 1000 వాట్లు రా, మిట్టమధ్యాహ్నం, ఊరికే పడిపోతోంది" అంటాడు, ఎవరో మన సొమ్ము ఎత్తుకుపోతున్నట్టు. లెక్క మాత్రం నిజమే. 100 లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు పెంచాలంటే మూడున్నర యూనిట్లు చాలు, రెండు చదరపు మీటర్ల రేకు మీద ఎండ బాగా కాసిన రోజు అంతకి రెండు మూడింతలు పడుతుంది, సగం వృథా పోయినా పనైపోతుంది. కాగితం మీద మేమందరం అప్పటికే వేణ్ణీళ్లు పోసుకుని తల తుడుచుకుంటున్నాం. ఎటొచ్చీ నీళ్లు వేడెక్కడం వేరు, ఆ వేడి నీళ్లు మన బకెట్లో పడటం వేరు, ఆ రెండింటికీ మధ్యన ఉండేదే మా బావ.

మొదట హోస్ పైపు. నల్ల పైపుని చుట్టలు చుట్టి డాబా మీద పడేసి, ఒక కొస పైన ట్యాంకు కుళాయికి, రెండో కొస బాత్రూం కిటికీలోంచి లోపలికి. ఖర్చు దాదాపు సున్నా అని అక్కకి ప్రకటించి, "బామ్మర్దీ, నీకే ఫస్ట్ ఛాన్స్" అని ప్రారంభోత్సవానికి నన్ను లోపలికి తోశాడు. కుళాయి తిప్పారో లేదో నా కాళ్ల మీద పొగలు కక్కుతూ నీళ్లు, నేను గోడకి అతుక్కుపోయి "బావా, కాలుతోంది!" అని అరిస్తే బయట చప్పట్లు. సరే అని సర్దుకుని, బకెట్టు కింద పెట్టి, ఒళ్లంతా సబ్బు పట్టించేసరికి పైపులోంచి అచ్చమైన చన్నీళ్లు. "బావా, చల్లగా వస్తున్నాయి" అంటే "ఏదో ఒక మాట మీద ఉండు రా, ఇప్పుడేగా కాలుతోందన్నావు" అని జవాబు. అరంగుళం పైపు 30 మీటర్లు చుట్టినా లోపల పట్టేది 4 లీటర్ల లోపే, ఎండలో ఉడికినవి ఆ నాలుగే, ఆ తర్వాత వచ్చేదంతా ట్యాంకులోంచి తిన్నగా దిగొచ్చే సరుకు. ఈ సంగతి ఆయన నాకు తలుపు అవతల్నుంచి చాలా ఓపిగ్గా వివరించాడు, నేను సబ్బుతో నిలబడి విన్నాను.

దాంతో బావ చరిత్రలోకి దిగాడు. 1767లోనే సొస్యూర్ అనే ఒకాయన గాజు పలకలతో పెట్టె చేసి ఎండలో పెడితే లోపల నీళ్లు మరిగేంత వేడి దాటిపోయిందట, గాజు ఎండని లోపలికి రానిస్తుంది, లోపల పుట్టిన వేడిని మాత్రం అంత తేలిగ్గా బయటకి పోనివ్వదు. ఇది చదివిన రోజు నుంచి ఇంట్లో గాజు అనేది దేనికీ భద్రత లేదు, అక్క అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటుంటే వెనకాల టేపు పట్టుకుని కొలతలు తీస్తుంటాడు. చివరికి పాత కిటికీ అద్దం, ప్లైవుడ్ చెక్కలు, నల్ల పెయింటు కొట్టిన రేకు, దాని మీద పైపులు, అడుగున టీవీ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మాకోల్, మొత్తానికి పెట్టె తయారైంది. తీరా బిగించబోతే పైపు మలుపు దగ్గర వేసే ఎల్బో సైజు తేడా. "నీళ్లు తర్వాత పెడదాంలే, ముందు పెట్టెని ఎండకి అలవాటు పడనీ" అని ఖాళీగా ఏటవాలుగా ఆనించి, అద్దం మూసి, ఎల్బో కోసం వెళ్లాడు.

మధ్యాహ్నం అక్క "ఏదో మాడుతోంది రా" అంది. స్టవ్ చూశాం, స్విచ్‌బోర్డులు వాసన చూశాం, అత్తయ్య అయితే నా షర్టు కూడా వాసన చూశారు. పైకెళ్లి చూస్తే పెట్టెలో థర్మాకోల్ ముడుచుకుపోయి, ముడతలు పడి, ఒక మూలకి చేరి కూర్చుంది. నీళ్లు లేని పెట్టె వేడిని ఎక్కడికి పంపిస్తుంది చెప్పండి? బావ వచ్చి చూసి ఏమాత్రం కంగారు పడలేదు, "చూశావా, ఎంత పవర్‌ఫుల్‌గా ఉందో" అన్నాడు. ఈసారి అడుగున గ్లాస్ వూల్, అంటే గాజు పీచు పరిచాడు, చేతులకి గ్లౌజులు వేసుకోమని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అది చదివే ఓపిక ఆయనకి లేదు, తర్వాత గోక్కునే ఓపిక మాత్రం బాగా ఉంది.

ఇక పెట్టెలో కాగిన నీళ్లు నిలవుంచడానికి గొట్టాలతో దానికి కలిపే డ్రమ్ము. మోటారు, పంపు ఏవీ అక్కర్లేదు, వేడి నీళ్లు తేలికవుతాయి కాబట్టి వాటంతటవే పైకెక్కుతాయి, చల్లవి కిందకి దిగుతాయి, అలా రోజంతా తిరుగుతూనే ఉంటాయి అని బావ చేతులు తిప్పుతూ చెప్పాడు. సిద్ధాంతం బాగుంది. కాకపోతే 100 లీటర్ల డ్రమ్ము నిండితే వంద కిలోల పైమాటే, దాన్ని ఎత్తు మీద పెట్టడం ఎవరి వల్ల అవుతుంది అని దాన్ని నేల మీదే ఉంచి, పెట్టెని పిట్టగోడ మీదకి ఎక్కించాడు. అంటే వేడెక్కిన నీళ్లు అప్పటికే పైన ఉన్నాయి, ఇంకా పైకెళ్లడానికి దారి లేదు, కిందకి రావాల్సిన అవసరం వాటికి లేదు. పగలంతా ఒక్క చుక్క కదల్లేదు. నల్ల పెయింటు పుణ్యమా అని డ్రమ్ము తనంతట తనే గోరువెచ్చగా అయింది, అది చూసి బావ మురిసిపోయాడు. రాత్రయ్యాక అసలు కథ, పైనున్న పెట్టె చల్లబడింది, అందులో చల్లటి నీళ్లు దిగి డ్రమ్ములోకి, డ్రమ్ములో వెచ్చటివి ఎక్కి పెట్టెలోకి, పగలు పని చెయ్యని సిస్టమ్ రాత్రంతా ఓవర్‌టైమ్ చేసి ఉన్న కాస్త వేడినీ ఆకాశానికి అప్పజెప్పేసింది. పొద్దున్నే అక్క మగ్గు ముంచి చెయ్యి పెట్టి, "ఏవండీ, ఇది ఫ్రిజ్జా?" అంది.

చేసేది లేక ఇటుకలు పేర్చి, పాత ఇనప స్టాండు ఒకటి దించి, డ్రమ్ముని పెట్టె కన్నా పైకి చేర్చాం. చేర్చాం అంటే నేనూ, నా నడుమూ. ఆ మర్నాడు నిజంగానే నీళ్లు తిరిగాయి! పై గొట్టం ముట్టుకుంటే చుర్రుమంది, కింది గొట్టం చల్లగా ఉంది, బావ ఒక చేత్తో అదీ ఒక చేత్తో ఇదీ పట్టుకుని అరగంట అలాగే నిలబడ్డాడు. కానీ వేసింది మామూలు తెల్ల పీవీసీ పైపు, చన్నీళ్లకి మాత్రమే పనికొచ్చేది, అరవై డిగ్రీలకే అది మెత్తబడటం మొదలెడుతుంది. మా కళ్ల ముందే మెల్లగా మధ్యలో వంగింది, జాయింటు దగ్గర బుడగలొచ్చాయి, "బావా..." అనేలోపు టప్ మని ఊడొచ్చింది. డ్రమ్ములో సగానికి పైగా నీళ్లు డాబా మీద పారి, వాన నీళ్ల గొట్టంలో దిగి, కింద సందులోకి. పక్కింటి పిన్నిగారు కుండీలు సర్దుకుంటున్నవారు ఎగిరి పక్కకి గెంతి, "ఏమండోయ్, మీ డాబా మీంచి వేణ్ణీళ్లొస్తున్నాయి!" అని కేకేశారు.

బావ పిట్టగోడ మీంచి వంగి మెట్ల వైపు తిరిగి, "ఏమేవ్, విన్నావా? వస్తున్నాయిట!" అని అరిచాడు.

వేణ్ణీళ్లకి వాడే సీపీవీసీ పైపు వేశాక సిస్టమ్ లీకుల్లేకుండా నడుస్తోంది, అది ఒప్పుకోవాలి. చిక్కల్లా టైముతో. మూడు గంటలకి చెయ్యి పెట్టలేనంత వేడి, అందరూ స్నానం చేసే పొద్దున ఆరింటికి గోరువెచ్చకి ఒక మెట్టు కింద. దీనికీ బావ దగ్గర చరిత్ర ఉంది, 1891లో క్లారెన్స్ కెంప్ అనే అమెరికా ఆయన గాజు పెట్టెలో ట్యాంకు పెట్టి పేటెంటు తీసుకుంటే దానికీ ఇదే జబ్బట, 1909లో విలియం బైలీ ట్యాంకుని విడదీసి చుట్టూ వేడి పోకుండా కప్పి ఇంటి లోపల పెడితే రాత్రికీ పొద్దుటికీ కూడా నీళ్లు వెచ్చగా ఉన్నాయట. డ్రమ్ముని ఇంటి లోపలికి తెస్తానంటే అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది, కాబట్టి కప్పడం ఒక్కటే మిగిలింది.

మొన్న రాత్రి అత్తయ్య చీకట్లో తడుముకుంటూ వచ్చి "నా రజాయి కనబడటంలేదు రా" అన్నారు. నా దుప్పటి అంతకు ముందే పోయింది, నేనేం చెప్పగలను? పైకి మాత్రం చూపించాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా చెప్పులేసుకుని మెట్లెక్కారు, కాసేపటికి డాబా మీంచి బావ గొంతు వినబడింది, "అమ్మా, లాగొద్దు, తెల్లారేదాకా ఆగు, అమ్మా, పైపు, పైపు!"