అమ్మ ఏడిస్తే జనం నవ్వారు, తప్పెవరిది?

సహాయ నటి ఏడవకూడదు. ఏడుపు హీరోయిన్ జాగా. ఆ గట్టు దాటితే ఏమవుతుందో హాలీవుడ్‌లో జాసు పిట్స్ అనే ఆవిడ చూపించింది గనుక, ఆ కేసు ఓసారి విచారిద్దాం.

తేడా పేరు దగ్గరే మొదలైంది. 1894లో కాన్సాస్‌లో పుట్టిన పిల్లకి మేనత్తలు ఎలిజా, సూసన్ ఇద్దరి పేర్లూ పెట్టాలి. ఒకరి తోక, ఒకరి తల తెచ్చి అతికించారు.

పెద్ద కళ్లు, కుదురులేని చేతులు. మూకీలో ఇవే ఆస్తి. ఆనాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు ఆనదు. పెదాలకి ఎర్రరంగు పూస్తే తెరమీద బొగ్గు నమిలినట్టుంటుంది. నీలికళ్లు ఉడికిన గుడ్లలా తేలిపోతాయి. అందుకని పసుపు ఛాయ గ్రీజు పెయింటు దట్టించేవారు. అద్దంలో పచ్చకామెర్ల రోగిలా ఉంటేనే తెరమీద మనిషిలా కనిపించేది. వెయ్యి అడుగుల రీలు, సెకనుకి 16 ఫ్రేముల లెక్కన, పదహారు నిమిషాల చిల్లర. రెండు రీళ్ల కామెడీలో హీరోకీ, పరుగులకీ పోగా సహాయ నటికి మిగిలేది గుమ్మంలో నిలబడి ఉలిక్కిపడటమే. ఆమె మాటని అక్షరాల్లో చూపించే కార్డు తెరమీద వేస్తే ఫిల్ము దండగ కాబట్టి చెప్పేదేదో చేతులతోనే చెప్పుకోవాలి.

ఇలాంటి మనిషిలో దర్శకుడు స్ట్రోహైమ్‌కి విషాద నటి కనబడింది. 'గ్రీడ్' (1924)లో 5,000 డాలర్ల లాటరీ తగిలి, బంగారు నాణేలు పక్కమీద పరుచుకుని పడుకునే పిసినారి ఇల్లాలి వేషం ఇచ్చాడు. 42 రీళ్లయింది. కోసి కోసి 10 చేసి వదిలారు, ఆడలేదు. అక్కడితో బుద్ధి రావాలి కదా?

రాలేదు. 1930లో 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్'లో జబ్బుతో మంచాన పడ్డ తల్లి పాత్ర. యుద్ధం నుంచి కొడుకు సెలవుమీద వస్తాడు. ప్రివ్యూలో తల్లి మొహం పడగానే హాలు గొల్లుమంది. అంతకుముందే ఆవిణ్ణి కామెడీలో చూసొచ్చారు మరి! సినిమా తీసిన యూనివర్సల్ స్టూడియో ప్రజాభిప్రాయానికి తలొగ్గి, అవే సన్నివేశాలు బెరిల్ మెర్సర్ అనే మరో నటితో మళ్లీ తీయించింది. నటన చాలక కాదు సుమా, మొహం చెల్లక. సూర్యకాంతం అని కూతురికి పేరు పెట్టడానికి జంకిన మనకి ఈ న్యాయం ఒకరు చెప్పాలా?

1994లో అమెరికా తపాలా శాఖ మూకీ తారల వరుసలో ఆమె పేరిట 29 సెంట్ల బిళ్ల వేసింది. ఫోటో కాదు, హిర్ష్‌ఫెల్డ్ అనే చిత్రకారుడు గీసిన కార్టూన్. ఫోటో అయితే ఉత్తరం అందుకున్నవాళ్లు నవ్వాలో ఏడవాలో తేలక తికమకపడతారని కాబోలు.