దేశ్ పర్దేశ్: ఉత్సవం ఆగింది, సంఘాలు మిగిలాయి

టొరంటోలోని దక్షిణాసియా గే పురుషుల బృందం 'ఖుష్' 1988లో చర్చ్ వీధిలోని 519 కమ్యూనిటీ సెంటర్‌లో 'సలాం టొరంటో' పేరుతో ఒక కార్యక్రమం నిర్వహించింది. అదే క్రమంగా 'దేశ్ పర్దేశ్'గా ఎదిగి, సినిమా, నాటకం, కవిత్వం, చిత్రకళ, చర్చాగోష్ఠులు కలిసిన వార్షికోత్సవంగా 2001 వరకు కొనసాగింది. హక్కుల కోసం సంఘటితంగా చేసే పనికి ఈ ఉత్సవం అలంకారం మాత్రమేనని అనుకోవడం పొరపాటు; అక్కడ సంఘటితం కావడానికి సాధనమే కళ.

కారణం తేలికగానే అర్థమవుతుంది. గే, లెస్బియన్ల సమావేశానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పలేని యువతి, మనవాళ్ల సినిమా చూసి వస్తానని చెప్పగలదు. చీకటి హాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ అడగరు. బయటికి వచ్చాక టీ తాగుతూ మొదలయ్యే మాటల్లోనే, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్న సంగతి తెలుస్తుంది. కరపత్రం చేయలేని పని ఇది.

'దక్షిణాసియా' అన్న మాట కూడా ఇక్కడ ఊరికే వచ్చింది కాదు. భారతీయ సంఘం, పాకిస్తానీ సంఘం, ఏదో ఒక గుడి లేదా మసీదు కమిటీ, ఇలా విడివిడిగా ఉన్న వేదికలు పరువు పేరుతో గే, లెస్బియన్లను గుమ్మం బయటే నిలబెట్టగలిగేవి. న్యూయార్క్‌లో 1990 దశకంలో ఇండియా డే పరేడ్ నిర్వాహకులు దక్షిణాసియా క్వియర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ తదితరుల) సంస్థ సాల్గాకు నడిచే చోటివ్వకపోవడం అందరికీ తెలిసిన గొడవే. ఏ ఒక్క దేశానికీ చెందని పేరు పెట్టుకుంటే, శ్రీలంక తమిళులూ కరీబియన్ నుంచి వచ్చిన భారత సంతతివారూ సహా ఎవరైనా రావచ్చు, ఏ పెద్దల అనుమతీ అక్కర్లేదు.

కెనడా బహుళ సంస్కృతుల చట్టం వచ్చింది కూడా 1988లోనే. సంస్కృతి అంటే నృత్యం, చీర, సమోసా అనుకునే ప్రభుత్వ దృష్టి నిధులకు దారి తీసింది. ఉత్సవం ఆ దారిలోనే లోపలికి వెళ్లి జాతివివక్ష, స్త్రీల హక్కులు, లైంగికత గురించి మాట్లాడింది. ఇది తెలివైన ఎత్తుగడ అని నా అభిప్రాయం, కానీ దాని బలహీనతా అందులోనే ఉంది. గ్రాంట్ల మీద బతికే వేదికకు ప్రతి ఏడూ దరఖాస్తు గండమే. పని భారమంతా కొద్దిమంది భుజాల మీదే పడుతుంది.

అందుకే ఎన్నాళ్లు నడిచిందన్నదాని కన్నా ఏం మిగిల్చిందన్నది చూడాలి. ఉత్సవం చుట్టూ అల్లుకున్న వర్గాల నుంచే దక్షిణాసియా దృశ్యకళాకారుల సంస్థ సావాక్ 1993లో ఏర్పడింది. 1989లో మొదలైన ఆసాప్ అనే సంస్థ, ఎయిడ్స్ నివారణ సమాచారాన్ని దక్షిణాసియా భాషల్లో అందించడానికి పూనుకుంది. రోగం పేరెత్తడానికే జంకే ఇళ్లలోకి ఆ సమాచారం వెళ్లాలంటే, ముందు ఆ పేరు పలికే మనిషితో పరిచయం ఉండాలి. ఆ పరిచయాలకు ఇలాంటి ఉత్సవాలు చోటిచ్చాయి.

తెలుగువారికి అమెరికాలో 1977 నుంచి తానా ఉంది. ఆ సభల్లో నాటకం, అవధానం, సినీతారలకు సన్మానాలు, పెళ్లి పరిచయ వేదికలు కనిపిస్తాయి. ఆ పెళ్లి పరిచయాల గదిలోకి తల్లిదండ్రులు పంపితే వెళ్లే క్వియర్ యువకుడికి, అదే సభలో మరో తలుపు ఎవరు తెరిచారు?