డిటెక్టివ్ నవల మళ్లీ నెలనెలా రావాలి

తెలుగులో డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లే లేరని చాలామంది తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. కథలు చదివే ప్రతిలిపి యాప్‌లో సస్పెన్స్ సీరియళ్ల కింద "తర్వాతి భాగం ఎప్పుడు?" అని అడిగేవాళ్లు, బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడియో యాప్‌లలో క్రైమ్ కథలు వినేవాళ్లు ఆ పాత పాఠకుల వారసులే. కథ కోసం ఎదురుచూసే మనిషి ఇంకా ఉన్నాడు. అతనికి ఒక క్రమంలో కథ అందించే ఏర్పాటే పోయింది.

ఆ ఏర్పాటు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. బస్టాండు బుక్‌స్టాల్, వీధి చివర అద్దె పుస్తకాల షాపు, వారపత్రికలో సీరియల్. కొమ్మూరి సాంబశివరావు నవల కొనేవాడు డిటెక్టివ్ యుగంధర్‌, అసిస్టెంటు రాజుల కోసం కొనేవాడు. గూఢచారి షాడో నవలలు రాసిన మధుబాబు పాఠకులు షాపువాణ్ని "షాడో కొత్తది వచ్చిందా?" అనే అడిగేవారు. పాత్రే ప్రకటన, వారం రోజుల నిరీక్షణే ప్రచారం. అద్దె షాపులు ఎప్పుడో మూతపడ్డాయి. 2020 లాక్‌డౌన్‌తో నవ్య, ఆంధ్రభూమి వంటి వారపత్రికల అచ్చు కూడా ఆగిపోయింది. ఇప్పుడు రచయితే పబ్లిషరు, రచయితే షాపు.

అలా సొంతంగా దిగిన రచయితలు చాలామంది చేసేదేమిటి? కొన్ని వందల కాపీలు వేయిస్తారు. ఆవిష్కరణ సభ, శాలువాలు, ఫేస్‌బుక్‌లో ఫొటోలు, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్. ఆ తర్వాత రెండేళ్లు చప్పుడుండదు. కవితా సంపుటికి ఈ పద్ధతి సరిపోతుందేమో గానీ, చవకగా అచ్చయ్యే కాలక్షేపపు పల్ప్ మిస్టరీకి మాత్రం అస్సలు సరిపోదు. మొదటి పుస్తకం నచ్చిన పాఠకుడు రెండోది ఆ వారంలోనే అడుగుతాడు. అప్పుడు చేతికివ్వలేకపోతే ఆ పాఠకుణ్ని ఓటీటీ ఎత్తుకుపోతుంది.

అందుకే నా సలహా ఒకటే: ఒకే హీరోతో మూడు నవలలు పూర్తయ్యాకే మొదటిది బయటికి తేవాలి. నూట ఇరవై పేజీలు, పాకెట్ సైజు, నెలకొకటి, ఒకే తేదీకి.

ఇక ఆ హీరో ఎవరు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. డిటెక్టివ్ రాగానే ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడటం, శవం పక్కన సిగరెట్ పీక ఏరి జేబులో వేసుకోవడం ఈ రోజుల్లో ఎవరూ నమ్మరు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఒకరి కాల్ డేటా తీయించే అధికారం వాళ్లకు లేదు, అడ్డదారిలో తీయిస్తే కేసే. 2024 జులై 1 నుంచి హత్య కేసు భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్. ఇంకా పాత ఐపీసీ 302 అని రాసే రచయితను లా చదివే కుర్రాడు మొదటి పేజీలోనే పట్టేస్తాడు. దానితో పాటే వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాలను వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన అది కోర్టులో సాక్ష్యం కాదు. ఇది పాత నియమమే అయినా మన నవలల్లో సగం అలాంటి ఒప్పుకోలుతోనే ముగుస్తాయి.

ఈ ఆంక్షలను నేను వరంగా చూస్తాను. హైదరాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌లకు వచ్చే పనిలో పెళ్లి ఎంక్వైరీలు ముఖ్యమైనవి. అలాంటి ఎంక్వైరీ మీద కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లిన మనిషిని ఊహించండి. అబ్బాయికి పెళ్లి కాలేదు, ఒంటరిగా ఉంటాడు, మంచి ఉద్యోగం. వాచ్‌మన్ ఏమీ చెప్పడు. గేటు పక్క ఇస్త్రీ బండి అతను మాత్రం మాటల్లో ఒక సంగతి జారవిడుస్తాడు: ఆ ఫ్లాట్ నుంచి వారం వారం రెండు కాటన్ చీరలు వచ్చేవి, మూడు వారాలుగా రావడం లేదు. అంతే, కథ మొదలైంది. ఇలాంటి చోట్ల సీసీ కెమెరా ఫుటేజీ కొన్ని వారాలకే చెరిగిపోతుంది కాబట్టి టెన్షన్ కోసం బాంబు అక్కర్లేదు. పోలీసులకు చెబుదామంటే చేతిలో ఫిర్యాదూ లేదు, శవమూ లేదు. ఏ అధికారమూ లేని మనిషి నోటి మంచితనంతో, ఓపికతో నిజం రాబట్టాలి. మన ఊళ్లలోనే పుట్టగల మిస్టరీ ఇది.

ప్రచారం కూడా అక్కడి నుంచే పుట్టాలి. మిస్టరీకి సమీక్షలతో పెద్దగా మేలు జరగదు. కథ చెబితే గుట్టు పోతుంది, చెప్పకపోతే సమీక్షలో మిగిలేది పొగడ్తే. "మూడు వారాలుగా చీరలు ఎందుకు రావడం లేదు?" అన్న ఒక్క వాక్యం వాట్సాప్‌లో తిరగనివ్వండి. మొదటి అధ్యాయం ఉచితంగా ఇవ్వండి, మీ గొంతుతోనే చదివి పెట్టండి. చివరి పేజీలో తర్వాతి నవల పేరు, తేదీ, కొనడానికి క్యూఆర్ కోడ్ ఉండాలి. పైరసీ పీడీఎఫ్ ఎలాగూ టెలిగ్రామ్‌లో తిరుగుతుంది. అది దొంగతనమే, ఫిర్యాదు చేయాల్సిందే. కానీ ఆ దొంగ కాపీ చదివినవాడికి కూడా తర్వాతి భాగం దొరికే దారి ఆ పేజీలో ఉండాలి.

ఖర్చుల విషయానికొస్తే, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. నొప్పి అంతా పంపిణీలోనే. 2016 డిసెంబరులో అమెజాన్ ఈ-పుస్తకాల వేదిక కిండిల్ ఐదు భారతీయ భాషలకు చోటిచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ జాబితాలో తెలుగు లేదు. తమిళ రచయిత నేరుగా కిండిల్‌లోకి దిగగలిగినప్పుడు మనవాళ్లు తెలుగు ఈ-పుస్తకాలు అమ్మే కినిగె లాంటి చోట్ల, పీడీఎఫ్‌లతో నెట్టుకొచ్చారు. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలే. పాకెట్ సైజు నవలలు రెండు అందులో సులువుగా పడతాయి. కానీ ఆ సేవను విద్య, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాల కోసమన్నారు. క్రైమ్ నవలకూ ఆ రేటు వర్తిస్తుందని తపాలా శాఖ స్పష్టంగా చెప్పాలి. ఎంతోమందికి చదివే అలవాటు చేసిన పుస్తకాలివి, పాఠ్యపుస్తకానికి దక్కే గౌరవం వీటికీ దక్కాలి.

సభకు పెట్టే డబ్బు మిగిలితే ప్రూఫ్‌రీడర్‌కి ఇవ్వండి. వీలైతే రాతప్రతిని రిటైరైన ఒక ఎస్సైకో, క్రిమినల్ లాయరుకో చూపించండి. పంచనామా ఎవరు రాస్తారు, పోస్టుమార్టం రిపోర్టు ఎన్నాళ్లకు వస్తుంది, స్టేషన్‌లో రైటర్ పనేమిటి అన్నవి వాళ్లే చెప్పగలరు. వాళ్లు తప్పులు దిద్దిన పేజీల్లోనే రెండో నవలకు సరుకు దొరుకుతుంది.